అడగండి, చెబుతాం: సారా బెర్నార్ తొలి వేషానికీ పేరుకూ మధ్య ఆరేళ్లు

గురజాడ అప్పారావు పుట్టిన 1862 సెప్టెంబరుకు కొద్ది వారాల ముందే పారిస్‌లో సారా బెర్నార్ అనే పదిహేడేళ్ల అమ్మాయి తొలిసారి రంగస్థలం ఎక్కి, భయంతో తడబడి, విమర్శకుల చేత పెదవి విరిపించుకుందని క్రిందటి నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాము. అది కన్యాశుల్కం గురించిన జవాబులో పక్కదారిన వచ్చిన మాట. అయితే ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు అసలు జవాబుకు వచ్చిన ఉత్తరాల కంటె ఎక్కువగా ఉన్నాయి. అందుచేత ఈ నెల శీర్షికను ఆమెకే కేటాయిస్తున్నాము. ఉత్తరాలన్నీ ఆమె బాల్యం చుట్టూ, ఆమెకు పేరు వచ్చిన తీరు చుట్టూ తిరుగుతున్నాయి కనుక, 1844 నుంచి 1881 దాకా సాగిన కథనే ఇక్కడ తీసుకున్నాము.

ప్రశ్న: ఈ నటి పేరును ఒక పుస్తకంలో సారా బెర్న్‌హార్ట్ అనీ, మరొకచోట బెర్నార్ అనీ చదివాను. పుట్టిన తేదీ కూడా ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంది. ఆమె ఎవరి బిడ్డ? బాల్యం ఎక్కడ గడిచింది? (విశ్రాంత ఉపాధ్యాయుడు, టెక్కలి)

జవాబు: మాస్టారూ, మొదటి చిక్కు ఉచ్చారణది. ఆమె పేరు చివర రాసే అక్షరాలను ఫ్రెంచివారు పలకరు. ఇంగ్లీషు పుస్తకాల మీదుగా మనకు వచ్చిన రూపం బెర్న్‌హార్ట్, ఆమె దేశంలో వినిపించే రూపం బెర్నార్. నిజానికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆంరియెత్ రోజీన్ బెర్నార్. సారా అన్నదీ, పేరు మధ్యలో చేరిన హకారమూ తరువాతివే.

రెండవ చిక్కు తేదీది. 1844 అక్టోబరులో, పారిస్‌లోని లాటిన్ క్వార్టర్ అనే విద్యార్థుల పేటలో ఆమె పుట్టిందన్నది అందరూ సాధారణంగా అంగీకరించే మాట. 1871 మే నెలలో, పారిస్ కమ్యూన్ తిరుగుబాటు చివరి రోజులలో నగర పాలక భవనం తగులబడినప్పుడు, జనన మరణాల దస్తావేజులు కూడా బూడిదైపోయాయి. ఆ బూడిదలో తన పుట్టుక ఆధారం కలిసిపోవడం ఆమెకు ఒక విధంగా కలిసివచ్చిందనే చెప్పాలి; ఎందుకంటే తన గతాన్ని తనకు నచ్చినట్లు చెప్పుకోవడంలో ఆమెకు మించినవారు లేరు. 1907లో ‘నా ద్వంద్వ జీవితం’ అన్న అర్థం వచ్చే పేరుతో ఆమె వెలువరించిన ఆత్మకథ చదవడానికి ఎంతో హాయిగా ఉంటుంది, కాని ప్రతి వాక్యాన్నీ నమ్మడం మాత్రం ప్రమాదం. ఇక్కడ ఆ పుస్తకం నుంచి తీసుకున్న విషయాన్ని ‘ఆమె చెప్పుకుంది’ అనే రాస్తాము.

తల్లి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వలస వచ్చిన యూదు స్త్రీ. ధనవంతుల పోషణలో, వారి సాంగత్యంలో బ్రతికిన మనిషి. మన నేలమీద ఆ రోజులలో మధురవాణి వంటి వారిని ఏ దృష్టితో చూసేవారో, పారిస్‌లో అటువంటి స్త్రీలనూ అదే దృష్టితో, పైకి గౌరవంతోనూ లోపల చులకనతోనూ, చూసేవారు. తండ్రి ఆమె జీవితంలో నీడగా మాత్రమే ఉన్నాడు. తల్లి పసిబిడ్డను ఫ్రాన్సు పడమటి కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతంలో ఒక దాది ఇంట్లో ఉంచింది. ఆ ప్రాంతం ప్రజలు మాట్లాడేది బ్రెటన్ భాష. దానికీ ఫ్రెంచికీ పొత్తు లేదు. మన సీతంపేట కొండలలో సవర మాట్లాడుతూ పెరిగిన పిల్ల బడికి వచ్చి తెలుగు వాచకం విప్పినప్పుడు ఎంత బిత్తరపోతుందో గిడుగు రామమూర్తి పంతులు ఆనాడే గుర్తించారు. ఫ్రెంచి పలుకుబడికే ప్రాణం పోసిందని తరువాత పొగడ్తలందుకున్న ఈ నటి నోట మొదట పలికిన భాష ఫ్రెంచి కాదు, బ్రెటన్.

దాది కుటుంబం పారిస్‌కు మారిన తరువాత, ఒకనాడు పెరట్లో తన పిన్ని కనిపించిందనీ, ఆమె తనను తీసుకుపోకుండా బండి ఎక్కబోతుంటే తాను కిటికీలోంచి దూకి చేయీ మోకాలూ విరగ్గొట్టుకున్నాననీ ఆమె చెప్పుకుంది. అక్షరాలా జరిగినా జరగకపోయినా, తనవాళ్లు తన వైపు చూడాలన్న తపన ఆ పిల్లకు ఎంత ఉండేదో ఈ కథ చెబుతుంది. ఏడేళ్ల వయసులో పారిస్ శివారు ఓతెయ్‌లో ఒక వసతి బడికీ, పదేళ్లకు వెర్సాయ్ దగ్గర గ్రాంషాం కాన్వెంటుకూ ఆమెను పంపారు. కాన్వెంటులో బైబిలు కథ ఆధారంగా పిల్లలు వేసిన చిన్న నాటకంలో ఆమెది దేవదూత వేషం. అక్కడే క్రైస్తవ మతం కూడా స్వీకరించింది. అప్పటికి ఆమె కోరిక నటి కావాలని కాదు, సన్యాసిని కావాలని.

ప్రశ్న: సన్యాసిని కావాలనుకున్న అమ్మాయి నటి ఎలా అయింది? ఆమె ఇష్టపడే వెళ్లిందా, బలవంతంగా పంపారా? (డిగ్రీ విద్యార్థిని, విజయనగరం)

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోని రెండు మాటలూ కొంతకొంత నిజమే. సారాకు పదిహేనేళ్లు వచ్చేసరికి ఆమెను ఏం చెయ్యాలన్న విషయం మీద తల్లి ఇంట్లో ఒక రకమైన పంచాయతీ జరిగింది. బంధువులూ, ఇంటికి వచ్చిపోయే పెద్దమనుషులూ కూర్చున్నారు. వారిలో ఒకడు మోర్నీ ప్రభువు. నాటి ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్‌కూ ఇతనికీ తల్లి ఒక్కతే, తండ్రులు వేరు. పెళ్లి చేద్దామని కొందరు అన్నారు, కాన్వెంటుకే పోతానని పిల్ల అన్నది. లేచి వెళ్లబోతూ మోర్నీ, ఈ పిల్లను కన్సర్వేటరీలో చేర్చండని ఒక ఉచిత సలహా పారేసి పోయాడు. కన్సర్వేటరీ అంటే సంగీతానికీ నటనకూ ప్రభుత్వం నడిపే శిక్షణ కళాశాల. ఒక మహానటి జీవితం అంత తేలికగా, టోపీ చేతిలోకి తీసుకుంటూ అన్న మాటతో మలుపు తిరిగింది.

అంతవరకూ ఆమె నాటకశాల గడప తొక్కినట్లు లేదు. నవలాకారుడు అలెగ్జాండర్ డ్యూమా ఆ కుటుంబానికి స్నేహితుడు. ఆయన వాళ్లను కొమెడీ ఫ్రాన్సేజ్‌కు తీసుకువెళ్లాడు. 1680లో పద్నాలుగవ లూయీ ఆజ్ఞతో ఏర్పడిన ఆ నాటక సంస్థ ఫ్రాన్సులో అన్నిటికీ పెద్ద. ఆ రాత్రి ఫ్రెంచి నాటకకర్త రసీన్ రాసిన విషాదాంత నాటకం చూస్తూ పిల్ల బావురుమని ఏడ్చి, చుట్టుపక్కలవాళ్లు తిరిగి చూసేంత రభస చేసింది. తల్లి సిగ్గుపడింది కాని డ్యూమా మాత్రం ఆ ఏడుపులో ఏదో చూశాడు. ఇంటికి చేర్చి వెళ్తూ ఆమెను చిన్నారి తారగా సంబోధించి శుభరాత్రి చెప్పాడని ఆమె చెప్పుకుంది. కన్సర్వేటరీ పరీక్షకు ఆమెకు కొంత తర్ఫీదు ఇచ్చినదీ ఆయనే.

ప్రవేశ పరీక్ష కథ మన నాటక సమాజాల వాళ్లకు బాగా నచ్చుతుంది. నాటకంలోని ఒక ఘట్టం చెప్పాలంటే ఎదుటి పాత్ర మాటలు అందించడానికి మరొకరు కావాలి. ఆమెకు ఎవరూ దొరకలేదు, లేదా ఆ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు. దాంతో ఒంటరిగా చెప్పగలిగిన, ఫ్రెంచి కవి లా ఫొంతేన్ రాసిన నీతికథను, రెండు పావురాల కథను, ఎంచుకుంది. పరీక్షకులు మొదట గుసగుసలాడారు. కొద్ది పంక్తులకే ఆమె గొంతు వాళ్లను ఊరుకోబెట్టింది. సంచాలకుడు, సంగీతకర్త ఒబేర్, అక్కడికక్కడే చేర్చుకున్నాడు. పావురాల కథ అనగానే మనకు చిన్నయసూరి చిత్రగ్రీవుడు గుర్తుకు వస్తాడు కాని ఇది అది కాదు. ఇల్లు విడిచి లోకం చూడబోయి దెబ్బలు తిని తిరిగివచ్చిన పావురం కథ. అయినా లా ఫొంతేన్ తన రెండవ కథాసంపుటికి అత్యధిక భాగం పిల్పే అనే భారతీయ జ్ఞానికి ఋణపడి ఉన్నానని స్వయంగా రాసుకున్నాడు. మన కథల సంప్రదాయం పారశీకం దాటి ఫ్రెంచిలోకి వెళ్లి, ఈ అమ్మాయికి కళాశాల తలుపు తీసింది.

1860 నుంచి రెండేళ్లు అక్కడ చదివింది. ప్రొవో, సాంసోన్ అనే ఇద్దరు పెద్ద నటులు గురువులు; మొదటివాడు చేతులు విశాలంగా తిప్పమంటే రెండవవాడు కదలికను తగ్గించమనేవాడు. మొదటి బహుమతి ఆమెకు రాలేదు. పరిషత్తు పోటీలలో ద్వితీయ బహుమతి అందుకుని ఇంటికి వచ్చిన వాళ్లకు ఆ బాధ తెలుసు. అయినా మోర్నీ పలుకుబడి వల్ల ఆమెకు కొమెడీ ఫ్రాన్సేజ్‌లోనే అవకాశం దొరికింది. సిఫారసు లేకుండా పైకి వచ్చిందని రాస్తే అది అబద్ధమవుతుంది. సిఫారసు గుమ్మం దాకా తెచ్చింది, లోపల నిలబెట్టలేకపోయింది.

ప్రశ్న: పెద్ద నటిని చెంపదెబ్బ కొట్టి ఉద్యోగం పోగొట్టుకుందట. నిజమేనా? (చీపురుపల్లి)

జవాబు: నిజమే, కాని ఆ దెబ్బకు ముందు ఒక పరాజయం ఉంది. 1862 ఆగస్టులో రసీన్ రాసిన ‘ఇఫిజెనీ’ నాటకంలో ప్రధాన పాత్రతో ఆమె రంగప్రవేశం జరిగింది. తండ్రి చేతులమీదుగా బలికావలసిన రాకుమారి పాత్ర అది. వణుకుతూ వచ్చి, మాటలను గబగబా అప్పజెప్పి తెర వెనక్కు పోయింది. చేతులెత్తి వేడుకునే ఘట్టంలో ఆ పుల్లల వంటి చేతులను చూసి జనం నవ్వారని చెబుతారు. సార్సే అనే విమర్శకుడు, పిల్ల పొడుగ్గా చూడముచ్చటగా ఉంది, ఉచ్చారణ శుభ్రంగా ఉంది, ప్రస్తుతానికి చెప్పదగినది ఇంతే, అన్న అర్థంలో రాసి వదిలేశాడు. తిట్టినా బాగుండేది. తరువాతి పాత్రలు కూడా ఆమెను నిలబెట్టలేదు.

జనవరి 15 నాటకకర్త మోలియేర్ జన్మదినం. ఆ రోజు సంస్థ నటీనటులందరూ ఇద్దరిద్దరుగా వచ్చి ఆయన విగ్రహానికి నమస్కరించడం ఆచారం. 1863లో సారా తన చిన్న చెల్లెలు రెజీనాను వెంట తెచ్చింది. ఆ పిల్ల తెలియక నతాలీ అనే సీనియర్ నటి గౌను వెనుక జీరాడుతున్న అంచును తొక్కింది. నతాలీ విసురుగా తోసేసరికి పిల్ల స్తంభానికి కొట్టుకుని నెత్తురు కారింది. సారా ముందుకు వచ్చి అందరి ఎదుటా ఆ పెద్దావిడ చెంప పగలగొట్టింది. క్షమాపణ చెబితే సరిపోతుందని సంస్థ అధికారి నచ్చజెప్పాడు. ముందు నతాలీ మా చెల్లెలికి చెప్పాలి అన్నది ఆమె పట్టు. కొద్ది నెలలలో ఆమె సంస్థ నుంచి బయటికి వచ్చింది.

ఇందులో ఆమె తప్పు లేదని వాదించేవాళ్లున్నారు. చెల్లెలి విషయంలో లేదనే మేమూ అనుకుంటాము. కాని రెండు శతాబ్దాల నాటి సంస్థలో, ఇంకా పాత్ర నిలబడని ఒక కొత్త నటి, నిలదొక్కుకున్న నటి మీద చెయ్యి చేసుకోవడమంటే ఏమిటో ఆమెకు తెలియకపోలేదు. తెలిసే చేసింది. తరువాత 1880లో అదే సంస్థను మళ్లీ తెంచుకుపోయినప్పుడు కూడా ఇదే స్వభావం కనిపిస్తుంది.

ప్రశ్న: ఆ తరువాత ఎలా బ్రతికింది? (పలాస)

జవాబు: కష్టంగానే. జిమ్నాజ్ అనే మరొక నాటకశాలలో చిన్నచిన్న వేషాలు దొరికాయి కాని పేరు రాలేదు. 1864లో అక్కడ ఒక రష్యన్ రాకుమారి వేషం వేసి, అది తనకే నచ్చక, చెప్పాపెట్టకుండా ఊరు విడిచిపోయింది. అదే ఏడాది డిసెంబరు 22న కొడుకు మోరిస్ పుట్టాడు. ఆమెకు పెళ్లి కాలేదు. బెల్జియం ప్రభువంశీకుడొకడు తండ్రి అని ప్రతీతి. బిడ్డను దాచిపెట్టమని చెప్పినవాళ్ల మాట ఆమె వినలేదు, జీవితాంతం వెంటపెట్టుకునే తిరిగింది. తల్లి బ్రతికిన బ్రతుకే తానూ బ్రతకవలసి వచ్చిన సంవత్సరాలివి; ఆత్మకథలో వీటి గురించి ఆమె దాదాపు మౌనం వహించింది.

ప్రశ్న: మగవేషంతో పేరు తెచ్చుకుందని విన్నాను. మన దగ్గర మగవాళ్లు ఆడవేషం కట్టేవారు గదా, అక్కడ తలకిందులా? (నాటక సమాజ సభ్యుడు, బొబ్బిలి)

జవాబు: మీ ప్రశ్న ఈ కథకు గుండెకాయ వంటిది కాబట్టి కొంచెం విస్తారంగా చెబుతాము.

1866లో ఆమె ఓదెయోన్ నాటకశాలలో చేరింది. సేన్ నదికి ఎడమ ఒడ్డున, ఆమె పుట్టిన పేటకు దగ్గరలోనే ఉన్న ఈ శాలకు వచ్చేవాళ్లు ఎక్కువగా కళాశాలల కుర్రాళ్లు. కొమెడీ ఫ్రాన్సేజ్ పెద్దింటి పెళ్లి అయితే ఇది ఊరి జాతర. నచ్చితే చప్పట్లతో కప్పు ఎగిరిపోయేది, నచ్చకపోతే ఈలలతో నాటకమే ఆగిపోయేది. సంచాలకులు ఇద్దరు, ద్యుకెనెల్ ఆమెను నమ్మాడు, షిల్లీ అనే రెండవవాడు ఇంత సన్నని మనిషి వేదికకు పనికిరాదన్నాడు. ఆ రోజులలో నిండైన శరీరమే అందం. ఖాళీ బండి వచ్చి ఆగింది, అందులోంచి సారా బెర్నార్ దిగింది అన్నది పారిస్‌లో ఆమె మీద తిరిగిన హాస్యం.

మొదట ఆమెను గుర్తించినవాళ్లు ఈ కుర్రాళ్లే. 1868లో డ్యూమా నాటకం ‘కీన్’ను తిరిగి వేశారు. ఆ సమయానికి కవి, నాటకకర్త విక్టర్ హ్యూగో చక్రవర్తిని ధిక్కరించి ప్రవాసంలో ఉన్నాడు. అతని నాటకం ‘రుయ్ బ్లాస్’ను వెయ్యనివ్వలేదన్న కోపంతో విద్యార్థులు డ్యూమాను, నాటకాన్నీ కలిపి గోల చేస్తున్నారు. తెర లేచినా ఎవరి మాటా వినబడలేదు. సారా ముందుకు వచ్చి, న్యాయం కోసమే మీరు అరుస్తుంటే, హ్యూగో దేశం విడవడానికి డ్యూమాను బాధ్యుణ్ణి చెయ్యడం ఏ న్యాయమని అడిగిందనీ, జనం నవ్వి చల్లబడ్డారనీ ఆమె చెప్పుకుంది. ఇదొక్కటి మాత్రం అబద్ధమై ఉండదనిపిస్తుంది; ఎందుకంటే ఆ రాత్రి మొదలు ఓదెయోన్ కుర్రాళ్లు ఆమె పక్షమైపోయారు.

మరుసటి ఏడాది, 1869 జనవరి 14న, ‘బాటసారి’ అన్న అర్థం గల చిన్న పద్యనాటకం ఒకటి వేశారు. కవి ఫ్రాంస్వా కొప్పే యుద్ధశాఖలో గుమాస్తా. అంతకుముందు ఎవరికీ తెలియదు. ఒకే అంకం, రెండే పాత్రలు. వెన్నెల రాత్రి ఫ్లోరెన్స్ నగరపు వెలయాలు సిల్వియా, దారిన పోయే పాటగాడైన జనెతో అనే కుర్రవాడు కలుసుకుని విడిపోతారు. అంతకు మించి కథ లేదు. సిల్వియాగా ఆగార్ అనే పేరున్న నటి, కుర్రవాడిగా సారా. ఏ సన్నదనాన్ని చూసి ఇంతకాలం నవ్వారో అదే ఇప్పుడు పనికివచ్చింది. గుండ్రని దేహం గల నటి ఎవరూ ఆ పదహారేళ్ల దేశదిమ్మరి కాలేదు. ఆ గొంతులోని లేత జీర కూడా అబ్బాయిదీ కాక అమ్మాయిదీ కాక మధ్యస్థంగా నిలిచింది. నాటకం నూరు ప్రదర్శనలు దాటి సాగింది. చక్రవర్తి తన కోటకు పిలిపించి వేయించుకున్నాడు. తొలి వేషానికీ ఈ రాత్రికీ మధ్య ఆరేళ్ల అయిదు నెలలు గడిచాయి.

మీరన్న తలకిందుల సంగతి. కన్యాశుల్కాన్ని 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు తొలిసారి ప్రదర్శించిన కాలంలో మన వేదికల మీద స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. కొంతకాలానికి స్థానం నరసింహారావు సత్యభామగా జడ విసిరితే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవారు. అయితే రెండింటికీ కారణం ఒకటి కాదు. మన దగ్గర స్త్రీలు వేదిక ఎక్కడం తప్పన్న భావన వల్ల మగవాళ్లు వేషం కట్టవలసి వచ్చింది. ఫ్రాన్సులో నటీమణులకు కొదవ లేదు. లేత వయసు కుర్రాళ్ల పాత్రలకు స్త్రీ గొంతు, స్త్రీ దేహం నప్పుతాయన్న రంగస్థల సంప్రదాయం వల్ల వాళ్లు ఆ వేషాలు వేశారు. మనది నిషేధం నుంచి పుట్టిన కళ, వాళ్లది ఎంపిక. కళ రెండు చోట్లా పండింది. సారా ఆ ఎంపికను చివరిదాకా విడువలేదు. 1899లో, యాభై ఏళ్లు దాటిన తరువాత, షేక్‌స్పియర్ హామ్లెట్ వేషం కూడా వేసింది.

ప్రశ్న: యుద్ధంలో నాటకశాలను ఆసుపత్రిగా మార్చిందని చదివాను. నర్సుగా నాకు ఆసక్తిగా ఉంది. (స్టాఫ్ నర్సు, రాజాం)

జవాబు: 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా శత్రుసేనలు పారిస్‌ను ముట్టడించాయి, నాటకశాలలు మూతపడ్డాయి. తల్లినీ కొడుకునూ ఊరు దాటించి, ఆమె మాత్రం నగరంలో ఉండిపోయి, ఓదెయోన్‌లోనే గాయపడ్డ సైనికులకు పడకలు వేయించింది. సామగ్రి కోసం నగర పోలీసు అధిపతి దగ్గరకు వెళితే ఆయన పాత పరిచయస్థుడే తేలాడు. రొట్టె, మాంసం, సారాయి అడిగి తీసుకుని, చివరికి ఆయన తొడుక్కున్న ఉన్ని కోటు కూడా రోగుల కోసం ఊడదీయించానని ఆమె చెప్పుకుంది. చలికాలం ముదిరి బొగ్గు అయిపోయినప్పుడు పాత తెరల చట్రాలు, బల్లలు, నాటక సామగ్రి పొయ్యిలో పెట్టారు. శస్త్రచికిత్సలలో చేతికి సాయం అందించింది, శవాల పక్కన రాత్రులు కూర్చుంది. గొప్ప కోసం చేసిందని పెదవి విరిచినవాళ్లు అప్పుడూ ఉన్నారు. అయిదు నెలల పాటు గొప్ప కోసం ఎవరూ కట్లు కట్టరని మీకు మేము చెప్పనక్కరలేదు. యుద్ధం ముగిసేసరికి పారిస్‌కు ఆమె నటి మాత్రమే కాదు, ముట్టడి రోజులలో తమతో ఉన్న మనిషి.

ప్రశ్న: మైకు లేని రోజులలో అంత పెద్ద హాలులో చివరి వరుసకు వినబడేలా ఎలా పలికేది? ఆమెది బంగారు గొంతు అంటారు గదా. (పద్యనాటక కళాకారుడు, శ్రీకాకుళం)

జవాబు: అరవకుండా పలికేది. కన్సర్వేటరీలో రెండేళ్లు నేర్పింది ప్రధానంగా అదే: ఊపిరిని ఎక్కడ పట్టాలి, పద్యపాదాన్ని ఎక్కడ విరవాలి, హల్లులను ఎంత గట్టిగా కొట్టాలి అన్నది. బాపూజీ కళామందిర్‌లో కూర్చుని పాతతరం వాళ్ల పద్యం విన్నవాళ్లకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. చివరి వరుసకు చేరేది శబ్దం కాదు, అక్షరం. ఫ్రెంచి విషాదాంత నాటకాలు పన్నెండేసి అక్షరాల పాదాలతో, అంత్యప్రాసలతో సాగుతాయి. తక్కిన నటులు దాన్ని ఉపన్యాసంలా మోగించేవారు. ఆమె దాదాపు పాటలా సాగదీసి, ఉన్నట్టుండి వేగం పెంచి, ఒక్క మాటను చీల్చినట్టు పలికేది. మనవాళ్లు హార్మణీ శ్రుతి మీద పద్యం నిలిపి రాగం తీస్తారు. ఆమెకు హార్మణీ లేదు, శ్రుతి గొంతులోనే ఉంది.

బంగారు గొంతు అన్న పేరు విక్టర్ హ్యూగోతో ముడిపడింది. చక్రవర్తి పతనమైన తరువాత హ్యూగో దేశానికి తిరిగివచ్చాడు. ఏ నాటకం కోసం ఓదెయోన్ కుర్రాళ్లు గోల చేశారో ఆ ‘రుయ్ బ్లాస్’ను 1872 ఆరంభంలో అదే ఓదెయోన్‌లో వేశారు. సారాది స్పెయిన్ రాణి వేషం. ప్రదర్శన ముగిశాక డెబ్బైవ పడికి చేరుకున్న ఆ మహాకవి ఆమె ముందు మోకాలు వంచి చేతిని ముద్దుపెట్టుకున్నాడు. ఆ కబురు నదికి ఆవలి ఒడ్డుకు చేరింది. చెంపదెబ్బ నాడు పొమ్మన్న కొమెడీ ఫ్రాన్సేజ్ అదే ఏడాది ఆమెను తిరిగి రమ్మని పిలిచింది. ఓదెయోన్‌తో ఉన్న ఒప్పందాన్ని ఉల్లంఘించినందుకు నష్టపరిహారం కట్టి మరీ వెళ్లింది. నమ్మిన ద్యుకెనెల్‌ను అలా వదిలిపోవడం మాకు నచ్చదు; కాని పోగొట్టుకున్న చోటనే గెలవాలన్న పట్టుదల నటులలో ఎంత బలమైనదో మీకు మాకంటె బాగా తెలుసు.

అసలు పరీక్ష 1874 డిసెంబరులో వచ్చింది. రసీన్ ‘ఫేద్ర’ ఫ్రెంచి నటీమణులకు శిఖరం. సవతి కొడుకును ప్రేమించి, ఆ పాపంతో కుమిలి చచ్చే రాణి. మనకు సారంగధరుడి కథలో చిత్రాంగి ఉంది కాని, చిత్రాంగి పగబడుతుంది, ఫేద్ర తనను తానే దహించుకుంటుంది. 1858లో మరణించిన రాషెల్ అనే మహానటి తరువాత ఆ పాత్రను ఎవరూ మెప్పించలేరని పెద్దలు తీర్మానించి కూర్చున్నారు. సారా ఆ రాత్రి భయంతో గొంతును కావలసినదానికంటె పై స్థాయిలో ఎత్తుకుని, ఇక దించలేక, అదే ఎత్తులో నాటకమంతా లాక్కొచ్చింది. ఆ ప్రమాదమే జనాన్ని ఊపేసింది. పన్నెండేళ్ల క్రితం ‘ఇఫిజెనీ’లో ఆమెను ముంచిన వణుకే ఈసారి పాత్ర వణుకుగా మారింది. 1877లో హ్యూగో ‘ఎర్నానీ’లో ఆమెను చూసి కంటతడి పెట్టుకున్న కవి, ఆ కన్నీటికి గుర్తుగా కన్నీటి బొట్టు ఆకారంలోని వజ్రాన్ని గొలుసుకు వేలాడదీసి పంపాడు.

ప్రశ్న: శవపేటికలో నిద్రపోయేదట. ఇదేం పిచ్చి? (గజపతినగరం)

జవాబు: పేటిక ఉన్నమాట నిజం, అందులో కళ్లు మూసుకుని పడుకున్న ఫోటో ఉన్నమాటా నిజం. చెల్లెలు రెజీనా క్షయతో మంచం పట్టినప్పుడు తన మంచం ఆమెకిచ్చి తాను ఇరుకు గదిలో పేటికలో పడుకున్నానని ఆమె వివరణ. ఆ ఫోటోలు మాత్రం బజారులో బాగా అమ్ముడుపోయాయి. ఆ సంగతి ఆమెకు తెలియకుండా జరిగిందని మేము అనుకోము.

ప్రశ్న: స్వదేశంలో అంత పేరుండగా అమెరికా ఎందుకు వెళ్లింది? భాష తెలియని జనం ఎలా చూశారు? (నెల్లిమర్ల)

జవాబు: 1879లో కొమెడీ ఫ్రాన్సేజ్ బృందం లండన్ వెళ్లింది. అక్కడి జనం బృందం కోసం కాక ఆమె కోసం టిక్కెట్లు కొంటున్నారని తేలిపోయింది. ఇది ఆమెకూ తెలిసింది, సహనటులకూ తెలిసింది. ఇద్దరికీ మంచి చెయ్యలేదు. 1880 ఏప్రిల్‌లో సరైన రిహార్సల్స్ లేకుండా తనకు నచ్చని ఒక పాత్ర వేయించారనీ, పత్రికలు దుమ్మెత్తిపోశాయనీ మండిపడి రాజీనామా రాసి పంపింది. సంస్థ కోర్టుకు వెళ్లింది. లక్ష ఫ్రాంకుల జరిమానా పడింది. చేతిలో అంత డబ్బు లేదు. అమెరికా యాత్రకు ఒప్పందం కుదిరింది. కాబట్టి ఆ ప్రయాణం వెనుక కీర్తికాంక్ష ఎంత ఉందో అప్పు అంతే ఉంది.

1880 అక్టోబరు 27న న్యూయార్క్‌లో దిగింది. మరుసటి మే నెల వరకు 51 నగరాలలో 157 ప్రదర్శనలు ఇచ్చింది, అన్నీ ఫ్రెంచిలోనే. ఆమె కోసం వేసిన రైలు ఊరూరా ఆగేది. కొన్నిచోట్ల మతబోధకులు ఆమె నాటకాలు చూడవద్దని ప్రబోధించారు, దాంతో టిక్కెట్లు ఇంకా త్వరగా అమ్ముడుపోయాయి. భాష తెలియనివాళ్ల సంగతికి వస్తే, చాలామంది అనువాదం అచ్చు వేసిన చిన్న పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఆదిభట్ల నారాయణదాసు గజ్జె కట్టి సంస్కృత శ్లోకం ఎత్తుకుంటే అర్థం తెలియని రైతు కూడా కదలకుండా కూర్చునేవాడని మన పెద్దలు చెప్పుకునేవారు గదా. ఆ పద్ధతి అక్కడా పనిచేసింది. డ్యూమా కుమారుడు రాసిన నాటకంలో క్షయతో చనిపోయే వెలయాలి పాత్రను ఆమె వేస్తే, ఆ మరణ ఘట్టానికి పుస్తకాలు మూసి వేదిక వైపే చూసేవారు. అప్పు తీర్చి, ఆపైన సొంతంగా నాటకశాల నడపగలిగే సొమ్ముతో 1881లో ఆమె ఫ్రాన్సుకు తిరిగివచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై ఆరేళ్లు.

ప్రశ్న: ఆ గొంతు ఇప్పుడు వినడానికి ఏమైనా మిగిలి ఉందా? (ఆమదాలవలస)

జవాబు: ఉంది. అదే అమెరికా యాత్రలో, 1880 డిసెంబరులో, ఫోనోగ్రాఫు కనిపెట్టిన ఎడిసన్‌ను ఆమె చూడబోయింది. అయితే మనకు నేడు దొరికే ముద్రణలు అప్పటివి కావు, ఇరవయ్యవ శతాబ్దం తొలి ఏళ్లవి. వాటిలో ‘ఫేద్ర’ నుంచి ఒక ఘట్టం ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. సూది గీరుడు మధ్య, వరద నీటి అవతలి ఒడ్డు నుంచి ఎవరో పిలుస్తున్నట్టు వస్తుంది ఆ గొంతు; మొదట నవ్వు వచ్చినా రావచ్చు, ఎందుకంటే ఆ సాగదీత నేటి చెవికి అలవాటైనది కాదు. గదిలో ఫ్యాను కట్టేసి రెండవసారి వినండి. మూడవ నాల్గవ పాదం దగ్గర ఆమె ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినబడుతుంది.